ఫారంలో లేని ప్రశ్న

గాజువాకలో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో ఆరేళ్లు ప్లేస్‌మెంట్ పని చూశాను. కోర్సు పూర్తయిన పిల్లల్ని కంపెనీలకు పంపడం, జాబ్ మేళాలకు తీసుకెళ్లడం, చేరాక నిలబడ్డారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం నా పని. ఆ ఆరేళ్లలో నా చేత్తో ఎన్ని ఫారాలు నింపానో లెక్కలేదు. పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్, రేషన్ కార్డు, చదువు, పాసైన సంవత్సరం, బ్యాంకు ఖాతా, ఊరు వదిలి వెళ్లగలరా లేదా. రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో "నీ ఒంట్లో ఎలా ఉంటోంది?" అన్న ప్రశ్న ఎక్కడా లేదు. అది లేదన్న సంగతే నాకు చాలాకాలం తట్టలేదు.

తట్టేలా చేసింది మాడుగుల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. ఇంటర్ పాసై మా దగ్గర మూడు నెలల కోర్సు చేశాడు. చేతిపని శుభ్రంగా ఉండేది. మాట తక్కువ. ఒక వేసవిలో జరిగిన జాబ్ మేళాలో అచ్యుతాపురం వైపు ఒక కంపెనీకి సెలెక్టయ్యాడు. వారం పగలు, వారం రాత్రి షిఫ్టు. నా లిస్టులో అతని పేరు ఎదురుగా "జాయిన్డ్" అని రాసుకుని టిక్కు పెట్టుకున్నాను. తొమ్మిదో రోజుకి ఇంటికి తిరిగి వచ్చేశాడు. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు, వాళ్లమ్మ ఎత్తింది.

"ఏటి చెప్పమంటావమ్మా, రాత్రి డూటీలో పడిపోనాడట. ఫిట్స్. చిన్నప్పటినుంచీ ఉంది ఆడికి. మందులేసుకుంటే రాదు. నిద్ర లేకపోతే వస్తాది."

"మరి ముందే చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

"చెప్తే పంపుతారా?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే ఆమె అన్నది నిజం. ముందే చెప్పి ఉంటే నేను అతన్ని ఆ మేళాకి తీసుకెళ్లేదాన్ని కాదు. అతని ఆరోగ్యం గురించి ఆలోచించి కాదు, ఎలాగూ సెలెక్టవడని. అంతకు ఏడాది ముందు ఒక అమ్మాయి డిప్రెషన్‌కి మందులు వాడుతున్నానని నాతో చెబితే, "ఇంటర్వ్యూలో ఈ మాట మాత్రం ఎత్తకు తల్లీ" అని నేనే నేర్పి పంపాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను అప్పుడు.

మూర్ఛ గురించి ఆ తర్వాత ఒక డాక్టరుగారి దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. సరిగ్గా మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిద్ర చెడటం, మాత్ర మానెయ్యడం, ఎక్కువమందిలో మళ్లీ తెప్పించేవి ఈ రెండే. ఎత్తు మీద పని, తిరిగే యంత్రాల పక్కన పని, నీళ్ల దగ్గర ఒంటరిగా చేసే పని జాగ్రత్త. అవి తీసేస్తే మిగిలిన పనులు బోలెడు. అంటే ఆ కుర్రాడికి కావలసిందల్లా పగటి షిఫ్టు. అదే కంపెనీలో పగలు మాత్రమే నడిచే ప్యాకింగ్ సెక్షన్ ఒకటి ఉంది. నేను అతన్ని ఒక్క మాట అడిగి, వాళ్లకి ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. మూడు నెలల ట్రైనింగ్‌కి ప్రభుత్వం పెట్టిన డబ్బు, ఆ పిల్లవాడు పెట్టిన కష్టం, వాళ్లమ్మ పెట్టుకున్న ఆశ, అన్నీ తొమ్మిది రోజుల్లో పోయాయి.

మన దేశంలో నిరుద్యోగికి సాయం చేసే ఏర్పాట్లు తక్కువేమీ కాదు. 1959 నాటి చట్టంతో ఉద్యోగ ఖాళీలు ఉపాధి కార్యాలయానికి తెలియజెయ్యడం తప్పనిసరి అయింది. కంచరపాలెంలోని ఆఫీసులో పేరు నమోదు చేయించుకుని, కార్డు రెన్యువల్ కోసం లైన్లో నిలబడిన తరం మా ఇంట్లోనే ఉంది. 2014లో గ్రామీణ యువతకి ట్రైనింగ్ ఇచ్చే దీన్ దయాళ్ ఉపాధ్యాయ పథకం, 2015లో ఉద్యోగాలు వెతుక్కునే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, అదే ఏడాది నైపుణ్యాలు నేర్పే కౌశల్ వికాస్ యోజన వచ్చాయి. 2018 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో యువనేస్తం పేరుతో నెలకు 1000 రూపాయల భృతి ఇచ్చారు. వీటన్నిటి వెనకా ఉన్న ఊహ ఒకటే. ఉద్యోగం లేనివాడికి లేనిది చదువో, నైపుణ్యమో, సమాచారమో, చేతిలో నాలుగు రూపాయలో. అతనికి లేనిది నిద్ర కావచ్చు, నిలబడే నడుము కావచ్చు, మెట్లెక్కే ఊపిరి కావచ్చు అని ఎవరూ అనుకోలేదు.

పైగా మేం పనిచేసే పద్ధతే జబ్బు ఉన్నవాళ్లను బయటికి నెట్టేలా ఉంటుంది. దీన్ దయాళ్ పథకంలో ట్రైనింగ్ అయినవాళ్లలో నూటికి 70 మందికి ఉద్యోగం చూపించాలి, వాళ్లు మూడు నెలలైనా నిలబడాలి. సెంటర్‌కి రావలసిన డబ్బు దానితో ముడిపడి ఉంటుంది. ప్రజల సొమ్ముకి జవాబుదారీ ఉండాలి కాబట్టి ఆ నియమం పెట్టినవాళ్లను తప్పుపట్టను. కానీ ఆ లెక్క నెత్తిమీద ఉన్నప్పుడు అడ్మిషన్ రోజున మా కళ్లు ఏం వెతుకుతాయో నాకు తెలుసు. సన్నగా, పాలిపోయి, దగ్గుతూ వచ్చినవాడిని చూస్తే "ఈ బ్యాచ్ నిండిపోయింది బాబూ, వచ్చే బ్యాచ్‌కి రా" అంటాం. ఎవరూ రాసిపెట్టని రూలు అది. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే అలా మొదటి గుమ్మం దగ్గర ఆగిపోతారు.

మా ఇంటి కథ కూడా చెప్పాలి.

మా అన్నయ్య వెల్డర్. పరిశ్రమల్లో కాంట్రాక్టర్ల కింద పని. ఆయనకి ముప్పై ఏడేళ్ల వయసులో దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం. పొగ వల్ల అనుకున్నాం. పరీక్ష చేయిస్తే టీబీ. ఆరు నెలల మందులు. ఆ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది, పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసింది. ఈ సాయం 2018 నుంచి ఉంది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. వైద్యం విషయంలో మాకు ఏ లోటూ జరగలేదు, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మందులు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు మామూలుగా ఇతరులకు అంటుకునే ప్రమాదం పోతుందని, రెండు నెలలు విశ్రాంతి తీసుకుని తర్వాత తేలికపాటి పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పారు.

ఆ తేలికపాటి పని ఎక్కడ దొరుకుతుంది? గేటు పాసు రెన్యువల్‌కి మెడికల్ పరీక్ష వచ్చింది. ఎక్స్‌రే చూశారు, పాసు ఆగిపోయింది. "బాగయ్యాక రా" అన్నాడు కాంట్రాక్టరు. ఎవరు బాగయ్యావని చెప్పాలి, ఏ కాగితం తెస్తే తీసుకుంటారు, అప్పటిదాకా ఇల్లెలా గడవాలి అన్నదానికి అక్కడ జవాబు చెప్పే మనిషి లేడు.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఉంది కదా అంటారు. ఉంది. నెలజీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. టీబీ లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. చదివితే ధైర్యం వస్తుంది. కానీ మామూలు సిక్‌నెస్ డబ్బు రావాలంటే ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. రెండేళ్ల సాయానికైతే రెండేళ్లు నిరంతరంగా ఉద్యోగంలో ఉండాలి. మా అన్నయ్యకి రెండేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. చేసే పని అదే, వెళ్లే గేటు అదే, మారింది పేస్లిప్ మీద పేరు మాత్రమే. మధ్యలో ఒకాయన చందా కట్టనే లేదు. లెక్క చూస్తే 61 రోజులు తేలాయి. పదిహేడు రోజులు తక్కువ.

మూడో నెలలో అన్నయ్య ఒక చిన్న వర్క్‌షాపులో మళ్లీ వెల్డింగ్‌కి వెళ్లిపోయాడు. జబ్బు సంగతి చెప్పలేదు. మాత్రలు గుడ్డలో చుట్టి టిఫిన్ బాక్సు అడుగున పెట్టుకునేవాడు. వదిన ఒక టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బడానికి కుదిరింది. మందుల కోర్సు పూర్తి చేశాడు, టీబీ తగ్గిపోయింది, కాగితం మీద ఆయన కేసు "నయమైంది". కానీ ఆ పొగలో పోగొట్టుకున్న ఊపిరి తిరిగి రాలేదు. ఇప్పుడు నలభై ఒకటో ఏట ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. పదిహేనేళ్లు నేర్చుకున్న వెల్డింగ్ చెయ్యి ఖాళీగా ఉంది. వర్క్‌షాపులో టార్చ్ పట్టుకోకుండా పిల్లలకి నేర్పే పని ఇచ్చినా, కొలతలు చూసే పని ఇచ్చినా ఆయన అద్భుతంగా చేసేవాడు. అలాంటిది వెతికిపెట్టడం ఎవరి డ్యూటీలోనూ లేదు. జబ్బు చూసే ఆఫీసుకి పని సంగతి పట్టదు, పని చూపించే ఆఫీసుకి జబ్బు సంగతి తెలియదు. ఆ రెండో ఆఫీసులో కూర్చున్న మనిషిని నేనే, అదీ నా బాధ.

అప్పటి నుంచీ నేను ఈ రోజుల లెక్కల్ని పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఈఎస్‌ఐకి 78 రోజులు. భవన నిర్మాణ కార్మికుడిగా సంక్షేమ బోర్డులో నమోదు కావాలంటే 1996 చట్టం నాటి నుంచీ గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో జీతంతో కూడిన సెలవు రావాలంటే ఏడాదికి 240 రోజులు పనిచేసి ఉండాల్సి వచ్చేది. కొత్త కార్మిక కోడ్‌లో దాన్ని 180కి తగ్గించారు. ప్రతి రక్షణకీ ముందు నిన్ను అడిగేది రోజులు. జబ్బు ముందుగా తినేసేది ఆ రోజుల్నే. రక్షణ అవసరమైన సమయానికి ఆ రక్షణకి కావలసిన అర్హత కూడా జబ్బుతోపాటే పోతుంది.

దీనికి దారి లేదా అంటే, అది ఆ పాత ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్‌లోనే ఉండేది. పనికి రాని రోజుల్లో కొన్నిటిని పనిచేసిన రోజులుగానే లెక్కించాలని అందులో రాశారు. యాజమాన్యమే పని లేదని ఆపేసిన లే-ఆఫ్ రోజులు, పన్నెండు వారాల దాకా ప్రసూతి సెలవు ఆ లెక్కలోకి వచ్చేవి. అంటే మనిషి తన తప్పు లేకుండా పనికి రాలేకపోయిన రోజుని పనిరోజుగా లెక్కపెట్టడం మన చట్టానికి డెబ్బై ఏళ్లుగా తెలుసు. సర్కారీ డాక్టరు ధ్రువీకరించిన జబ్బు రోజుల్ని ఆ వరుసలో చేర్చమనే నేను అడుగుతున్నాను. 78కీ, 90కీ కూడా.

మన విశాఖలో పర్మనెంట్ ఉద్యోగికీ కాంట్రాక్టు మనిషికీ ఉన్న తేడా ఒకే గేటు దగ్గర కనబడుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలో ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో చెయ్యగలిగిన మరో పోస్టులోకి మార్చాలి. ఎంత మంచి మాట! పర్మనెంట్ ఉద్యోగికి ఆ మాట వర్తిస్తుంది. అదే గేటులోంచి, అదే సైరన్‌కి, అదే దుమ్ములోకి వెళ్లే కాంట్రాక్టు మనిషికి మాత్రం పాసు ఆగిపోవడమే.

తెల్లవారి ఆరున్నరకి నగరంలో కూలీల అడ్డా దగ్గర కాసేపు నిలబడి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. మేస్త్రీ బండి దిగి ఒక్క చూపు చూస్తాడు. భుజాలు, చేతులు, కళ్లు. రెండు నిమిషాల్లో పదిమందిని ఏరుకుని వెళ్లిపోతాడు. భుజం జారినవాడు కండువా కప్పుకుని నిలబడతాడు. దగ్గు వచ్చేవాడు ఆ రెండు నిమిషాలూ బిగబట్టుకుంటాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చిన ఒకాయన నాతో అన్నమాట: "కిడ్నీ సంగతి చెప్తే ఇటుకలు మొయ్యనివ్వరు, చెప్పకపోతే నీళ్లు తాగనివ్వరు." డాక్టరు ఎక్కువ నీళ్లు తాగమన్నాడట, పనిలోంచి మాటిమాటికీ లేవనివ్వరట. మొయ్యడం కాకుండా నీడలో కూర్చుని చేసే పని ఆ సైట్‌లోనే ఏదో ఒకటి ఉంటుంది. ఆ పనికి ఆయన్ని కుదిర్చే మధ్యవర్తి లేడు.

ఆడపిల్లల విషయంలో మేం అడగని ప్రశ్నలు ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే బట్టల కంపెనీకో మందుల కంపెనీకో నేను పంపిన ప్రతి పదిమంది అమ్మాయిల్లో ఐదారుగురికి రక్తం తక్కువ ఉండి ఉండాలి. ఎనిమిది గంటలు నిలబడి చేసే పని వాళ్లది. "కళ్లు తిరుగుతున్నాయి మేడం, మానేస్తాను" అని ఫోన్ చేస్తే, కొత్తలో అందరికీ అలాగే ఉంటుంది, అలవాటవుతుంది అనేదాన్ని. ట్రైనింగ్ మొదటి వారంలోనే రక్తపరీక్ష చేయించి, మూడు నెలల కోర్సు పొడవునా ఐరన్ మాత్రలు వేయించి ఉంటే వాళ్లలో ఎంతమంది నిలబడేవారో. ఆ పరీక్షకి ఖర్చు ఎంత? మేం ఒక్కొక్కరికి ఇచ్చిన యూనిఫాం ఖర్చు కూడా కాదు. మాత్రలు పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు చిన్న వయసులోనే ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. ముప్పై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ అయి, నడుము నొప్పితో, మళ్లీ ఏదైనా పని నేర్చుకుందామని వచ్చిన అక్కలకి కుట్టు మిషన్ తప్ప మరొకటి చూపించలేకపోయాను. కుర్చీ ఎత్తు ఎంత ఉండాలో కూడా ఆలోచించలేదు.

ఉద్యోగం లేకపోవడం కూడా ఒంటిని తినేస్తుంది. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మారియెంతాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడితే, కొందరు పరిశోధకులు అక్కడికి వెళ్లి ఊరివాళ్లు ఎలా బతుకుతున్నారో గమనించారు. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గిపోయింది. చేతినిండా తీరిక ఉన్నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకునేవాళ్లు తగ్గిపోయారు. అది చదివినప్పుడు నాకు మా పిల్లలే గుర్తొచ్చారు. ఏడాది ఖాళీగా ఉన్న కుర్రాడు ఫోన్‌లో హలో అనే తీరులోనే తెలిసిపోతుంది. కాబట్టి "ముందు ఆరోగ్యం బాగుచేసుకో, తర్వాత ఉద్యోగం చూద్దాం" అనడం కూడా తప్పే. చాలామందికి ఉద్యోగం కూడా ఒక మందు.

ఈ ఆలోచనతోనే 1990ల మొదట్లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఒక పద్ధతి మొదలైంది. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లని ఏళ్లతరబడి ట్రైనింగ్ పేరుతో కూర్చోబెట్టకుండా, వాళ్లు కోరుకున్న మామూలు ఉద్యోగం ముందే చూపించి, ఆ తర్వాత పక్కనే ఉండి నిలబెడతారు. ఉద్యోగం చూసిపెట్టే మనిషి వైద్య బృందంలోనే ఒకడిగా కూర్చుంటాడు. డాక్టరు, నర్సు, అతను ఒకే బల్ల దగ్గర మాట్లాడుకుంటారు. మాత్ర వేసుకుంటే పొద్దున్న మగతగా ఉంటోందా, అయితే షిఫ్టు పదింటికి మార్చమని అడుగుదాం. అంత చిన్న మాటలు. ఆ చిన్న మాటలతోనే పాత పద్ధతుల కంటే ఎక్కువమంది ఉద్యోగాల్లో కుదురుకున్నారని ఎన్నో దేశాల్లో చేసిన పరిశోధనల్లో తేలింది. మన చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. అక్కడ ఓపీ దగ్గర వారానికి ఒక్క పూట, ప్లేస్‌మెంట్ పని తెలిసిన ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలో, కింగ్ జార్జ్ ఆస్పత్రిలో కూడా అంతే.

బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుంచి డాక్టరు ఇచ్చే కాగితం మారింది. అంతకుముందు పనికి పనికిరాడు అని మాత్రమే రాసేవారు. ఇప్పుడు ఇంకో గడి ఉంది: కొన్ని మార్పులు చేస్తే పని చెయ్యగలడేమో. దాని కింద టిక్కు పెట్టడానికి నాలుగు. మెల్లమెల్లగా పనిలోకి రావడం, వేళలు మార్చడం, పని మార్చడం, పనిచోట ఏర్పాట్లు మార్చడం. మన దగ్గర డాక్టరు రాసేది "ఫిట్ టు రెజ్యూమ్ డ్యూటీ". ఉంటే పూర్తిగా ఫిట్, లేకపోతే పూర్తిగా అన్‌ఫిట్. మా అన్నయ్యకి ఆ నాలుగు గడుల కాగితం ఒకటి ఉండి ఉంటే కాంట్రాక్టరుతో మాట్లాడటానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండేది.

అదే బ్రిటన్‌లో 2008లో తెచ్చిన మరో పరీక్ష మనకి హెచ్చరిక కూడా. జబ్బుతో ఉన్నవాళ్లకి ఇచ్చే భృతి కొనసాగించాలా వద్దా అని తేల్చడానికి ప్రైవేటు కంపెనీల చేత పని సామర్థ్య పరీక్షలు చేయించారు. బాగా జబ్బుగా ఉన్నవాళ్లని కూడా పనికి ఫిట్ అనేశారు. అప్పీళ్లలో అలాంటి నిర్ణయాలు పెద్ద సంఖ్యలో తిరగబడ్డాయి. ఆరోగ్యం గురించి అడిగే చెయ్యీ డబ్బు కోసే చెయ్యీ ఒకటైతే ఇలాగే అవుతుంది. మన దగ్గర కూడా పెన్షన్ తీసుకునే వికలాంగులు ఉద్యోగం గురించి మాట్లాడటానికే భయపడటం నేను చూశాను. 2024 జూలై నుంచి నెలకు 6000 వస్తోంది, చిన్న ఉద్యోగంలో చేరితే అది పోతుందేమో, ఆ ఉద్యోగం నాలుగు నెలలకి పోతే మళ్లీ పెన్షన్ వస్తుందో రాదో అని టెన్షన్. చేరి చూడు, కుదరకపోతే పెన్షన్ మళ్లీ మామూలుగా వస్తుంది అని ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇస్తే ఎంతమంది ముందుకొస్తారో.

ఇక్కడే నా పాత సహోద్యోగులు నాతో గట్టిగా వాదిస్తారు. "ఫారంలో జబ్బు కాలమ్ పెడితే ఏమవుతుందో నీకు తెలీదా అక్కా? దాన్ని చూసే తీసేస్తారు" అంటారు. తెలుసు. ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో నలభై దాటిన కార్మికులకి ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. విన్నప్పుడు సంతోషించాను, మరుక్షణం భయం కూడా వేసింది. షుగరు, బీపీ, గుండె సంగతి బయటపడ్డాక ఆ రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుంది? వైద్యానికి దారి చూపించే మనిషి చేతికా, పాసు రెన్యువల్ చేసే మనిషి చేతికా? ఆ ఒక్క విషయం మీదే అది వరమో శాపమో తేలుతుంది.

అందుకే నేను కోరేది యజమాని ఫారంలో ప్రశ్న కాదు. ఉద్యోగం చూపించే మావైపు ఉండే, మావైపే ఉండిపోయే కాగితం. జబ్బు పేరు కూడా అక్కర్లేదు. ఏ పని చేస్తే ఇబ్బంది? మందులు ఏ వేళకి? నెలలో ఎన్నిసార్లు ఆస్పత్రికి వెళ్లాలి? ఎంతసేపు నిలబడగలవు? రాత్రి మేలుకోవడం కుదురుతుందా? అది చూసి ఎక్కడికి పంపాలో, ఎక్కడికి పంపకూడదో మేం నిర్ణయించుకుంటాం. కంపెనీకి వెళ్లే మాట "ఈ అబ్బాయికి పగటి షిఫ్టు కావాలి" అన్నంతవరకే. ఆ మాట కూడా అతను ఒప్పుకుంటేనే.

చిన్న కాంట్రాక్టరుకి దీనివల్ల కష్టం ఉంటుందన్నది కూడా నిజం. ఐదుగురితో పని నడిపేవాడికి ఒకడు పడిపోతే ఆ రోజు పని ఆగిపోతుంది. భారమంతా అతని మీద వెయ్యడం న్యాయం కాదు. అలవాటు పడే మొదటి రెండు నెలలూ ఆ కార్మికుడి సగం జీతం ట్రైనింగ్ డబ్బులోంచే ఇవ్వొచ్చు. మధ్యలో వదిలేసిన పిల్లల మీద ఇప్పటికే వృథా అవుతున్న డబ్బుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు. జబ్బు కాలంలో పోయిన కూలీ కూడా వైద్యంలో భాగమేనన్న మాట మన రాష్ట్రం ఒకసారి ఒప్పుకుంది కూడా. 2019 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్లకి కోలుకునే రోజుల్లో రోజుకి 225, నెలకి 5000 మించకుండా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ ఆలోచన ఆస్పత్రి గడప దాటి ఉపాధి ఆఫీసు దాకా రావాలి.

మా వార్డు సచివాలయంలో హెల్త్ సెక్రటరీ ఒకరు, వెల్ఫేర్ సెక్రటరీ ఒకరు ఉంటారు. వీధిలో ఎవరికి షుగరు, ఎవరికి బీపీ అన్నది మొదటి ఆమెకి ఇంటింటికీ తిరిగి తెలుసు. ఎవరికి పని లేదు, ఎవరు ఏ పథకానికి దరఖాస్తు పెట్టారన్నది రెండో ఆయనకి తెలుసు. ఒకే కప్పు కింద పనిచేసే ఈ ఇద్దరూ ఒక మనిషి గురించి, ఆ మనిషి అనుమతితో, పది నిమిషాలు కలిసి మాట్లాడుకునే పద్ధతి ఏదీ లేదు. నేను అడిగితే ఇద్దరూ, "అలాంటి ఆర్డర్ ఏదీ రాలేదండీ" అన్నారు. వాళ్ల తప్పేం లేదు.

ఇప్పుడు నేను ఆ సెంటర్‌లో లేను. ఆదివారాలు మా కాలనీలో ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టుకునే పిల్లలకి ఫారాలు నింపిపెడుతుంటాను. ఫారం మీద గడి లేదు కాబట్టి ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి ముందుంచుతున్నాను: "నువ్వు నిలబడి పని చేసుకోవాలంటే అక్కడ ఏం ఉండాలి?" ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు. ఒకడు "పగలు" అని రాశాడు. ఒక అమ్మాయి, "మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకోవాలి, ఫ్రిజ్ ఉంటే చాలు" అని రాసింది. నేను ఆ కంపెనీకి ఫోన్ చెయ్యబోతుంటే తను నా చెయ్యి పట్టుకుంది.

"వద్దులెండి అక్కా, తుడిచెయ్యండి. ఐస్‌ప్యాక్ పెట్టుకుని తీసుకెళ్తాను" అంది.

రబ్బరు తెచ్చి తుడిచేశాను.